కవరు అడుగున మా ముద్ర

మా కవర్లు చిరిగేవి కావు. ఇది గొప్పకు చెప్పడం లేదు. నాచారం, ఉప్పల్, అటు మల్కాజిగిరి దాకా ఏ పాత కిరాణా దుకాణంలో అడిగినా ఇదే చెబుతారు. బియ్యం నింపుకుని, సిటీ బస్సులో జనం మధ్య నలుగుతూ ఇంటిదాకా మోసుకుపోయినా కవరు పిడి దగ్గర సాగేది కాదు. ఇంటికి చేరాక ఆ కవరును ఎవరూ పారేసేవారు కాదు. దులిపి, మడిచి, పరుపు కింద దాచుకునేవారు. వానొస్తే తలకు తొడుక్కునేవారు. ఊరికి పోయినప్పుడు తడిబట్టలు చుట్టుకునేవారు. ప్రతి కవరు అడుగునా, అతుకుకు కాస్త పైన, బొటనవేలి గోరంత ముద్ర ఒకటి ఉండేది. రెండు ఎద్దు కొమ్ములు, వాటి మధ్య ఒక చుక్క. అది మా ఇంటి ముద్ర.

ఇప్పుడు ఆ కవర్లు లేవు. నిషేధం వచ్చింది. రావలసిందే వచ్చింది. దాని మీద ఫిర్యాదు చేయడానికి నేనిది రాయడం లేదు. ఆ ముద్ర ఏమైందో, దానితో పాటు మా బాపుకు ఏం పోయిందో చెప్పాలని మాత్రమే రాస్తున్నాను.

నాచారంలో కంపెనీలు రాకముందు అక్కడ పొలాలు ఉండేవి. వాటిలో కొన్ని మావి. మా తాత ఆ ఊరి పటేలు. కోతలైపోయి, కళ్ళంలో వడ్లు తూర్పారబట్టి రాశి పోశాక, బండ్లకెత్తే దాకా ఎవరూ చేయి పెట్టకుండా రాశి చుట్టూ తడిబూడిదతో ముద్రలు వేయించేవాడు. అందుకోసం ఇదే కొమ్ముల గుర్తుతో చెక్క అచ్చు ఒకటి ఉండేది. దోసెడు గింజలు తీసినా ముద్ర చెదిరి తెలిసిపోతుంది. దొంగల భయంతోనే ఈ ఏర్పాటని చాలామంది అనుకుంటారు. మా ఇంట్లో దానికి ఇంకో అర్థం ఉండేది. ముద్ర పడ్డ రాశిలో మట్టి వచ్చినా, పొల్లు వచ్చినా, కొలతలో తేడా వచ్చినా కొన్నవాడు నేరుగా మా గడప ఎక్కి అడగవచ్చు. ఆ గింజలు ఎవరి ఇంటికి చేరినా జవాబు చెప్పవలసింది మేమే.

ఆ పొలాలు కంపెనీల కింద పోయాయి. ఇచ్చినంత పుచ్చుకుని తలవంచనని తాత కోర్టుకెక్కాడు. ఆ కోర్టు మిగిలినది కూడా తినేసింది. చివరికి బాపు చేతికి వచ్చింది ఒక చిన్న స్థలం, పటేలనే పిలుపు. ఆ స్థలంలో ఆయన రేకుల షెడ్డు వేసి కవర్ల మిషన్ పెట్టాడు. చుట్టాల్లో కొందరు నవ్వారు. పటేలింటి మనిషి సంచులు చేసి అమ్ముకోవడమేమిటని. బాపు వాళ్ళ పెళ్ళిళ్ళకు పోవడం మానేశాడు, మిషన్ మానలేదు.

నేను ఒక్కతే సంతానం. పెళ్ళయి మల్కాజిగిరికి కాపురం పోయినా, రోజూ పొద్దున్నే ఆటో ఎక్కి నాచారం వచ్చి షెడ్డులో ఒక మూల టేబుల్ దగ్గర కూర్చునేదాన్ని. ఆర్డర్లు చూడడం, దుకాణాల వాళ్ళతో మాట్లాడడం నా పని. మిగతాదంతా బాపుది. తెల్లటి ధోతి, ఇస్త్రీ కమీజు వేసుకుని, షెడ్డు ముందు చెక్క కుర్చీలో కూర్చుని, వచ్చే పోయే సరుకు మీద ఒక కన్ను వేసి ఉంచేవాడు.

కవరు ఎలా పుడుతుందో చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. గింజల్లా ఉండే ముడిసరుకును అక్కడందరూ దానా అంటారు. దానా మిషన్‌లో కరిగి, కింద గుండ్రటి మూతిలోంచి గాలి నింపుకుని, పొడుగాటి బుడగలా షెడ్డు కప్పు దాకా లేస్తుంది. పైకి పోయేకొద్దీ చల్లారి, రోలర్ల మధ్య అణిగి, బట్ట తానులా చుట్టుకుంటుంది. పొద్దున పూట కిటికీలోంచి ఎండ పడితే ఆ బుడగ లోపల వెలుగు ఊగుతూ ఉండేది. నేను లెక్కలు వదిలేసి చూస్తూ ఉండిపోయేదాన్ని. బాపు లేచి వచ్చి, ఆ పొరను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దేవాడు. పల్చబడితే వేళ్ళకు తెలిసిపోయేది. వాడేసిన ప్లాస్టిక్ కరిగించి చేసిన నాసిరకం దానా ఆయన షెడ్డులోకి రానిచ్చేవాడు కాదు.

ముద్ర సంగతి మొదట్లోనే చర్చకు వచ్చిందట. అచ్చు వేసే మేస్త్రి బాపునే అడిగాడు.

"కవరు మీద దుకాణం పేరుంటది కద పటేలా. మల్ల మన ముద్ర ఎందుకు? రంగు దండగ."

"దుకాణపాయన అమ్మేది ఉప్పు, పప్పు. గవి మంచిగ లేకుంటె ఆయన జవాబిస్తడు. కవరు చినిగితె ఎవలియ్యాలె?"

"కవరు చినిగితె ఎవలడుగుతరు పటేలా?"

"అడగాలె," అన్నాడట బాపు.

నిజంగానే ఒకసారి అడిగారు. ఉప్పల్ వైపు నుంచి ఒకావిడ నూనెతో తడిసిన చీరకొంగుతో, చేతిలో చినిగిన కవరుతో వచ్చి గేటు దగ్గర నిలబడింది. "కొమ్ముల కవరోళ్ళు మీరేనా? ముగ్గుర్ని అడుక్కుంట అడుక్కుంట వచ్చిన. సీస వలిగి నూనంత రోడ్డు పాలైంది. ఏమంటరు మరి?" అని గట్టిగానే అడిగింది. బాపు ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, మనిషిని పంపి నూనె సీసా తెప్పించి ఇచ్చాడు. చీర సంగతి కూడా అడిగాడు. "చీర పాతదే తియ్యి," అని ఆవిడే సిగ్గుపడి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు బాపు మహా హుషారుగా ఉన్నాడు. మనం ఉన్నామని తెలిసి ఒక మనిషి వెతుక్కుంటూ వచ్చి తిట్టింది చూశావా అన్నట్టుగా ఉండేవాడు. ఆ సంతోషం నాకు అర్థమయ్యేది. భూమి పోయిన ఇంటికి జవాబు చెప్పుకునే హక్కయినా మిగలాలి.

మా షెడ్డు దాటి కిందికి దిగితే మురికినీళ్ళ నాలా, దాని మీద చిన్న కల్వర్టు, ఆ పక్కన పల్లంలో ఒక బస్తీ. అక్కడ బాపు ఈడు మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన తండ్రి మా కళ్ళంలో వడ్లు కొలిచేవాడు. చిన్నప్పుడు బాపు, ఆయన రాశుల చుట్టూ కలిసి ఆడుకున్నవాళ్ళే. పొలాలు పోయాక ఆయన దారం మిల్లులో చేరి, అక్కడే పనిచేసి రిటైరయ్యాడు. నేను కాకా అని పిలిచేదాన్ని. ఆయన మాటలో ఎప్పుడూ కాస్త కారం ఉండేది. బాపును పటేలా అనే పిలిచేవాడు గానీ, ఆ పిలుపులో సగం మర్యాద, సగం ఎత్తిపొడుపు.

ఒక వానాకాలం రెండు రోజులు ఆగకుండా కురిసింది. మూడో రోజు పొద్దున కాక నిండా తడిసి, ఒక గోనెసంచి ఈడ్చుకుంటూ మా గేటు లోపలికి వచ్చాడు. బాపు కుర్చీ ముందు ఆ సంచి బోర్లించాడు. బురద, వెంట్రుకలు, కూరగాయల తొక్కలు కలిసి ముద్దయిన కవర్లు. వాసనకు నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఏందిరా ఇది?" అన్నాడు బాపు.

"రాశి పటేలా. ముద్ర సూస్కో."

బాపు చేతికర్రతో ఒక కవరును విడదీశాడు. బురద లోపల నుంచి కొమ్ములు, చుక్క కనిపించాయి. ఇంకొకటి తీశాడు. అందులోనూ ఉన్నాయి.

"అన్నీ మావేనా?"

"ఎవలియి ఎవలికెర్క? మిగిలినయిటికి పేరు లేదు, ఊరు లేదు. కొమ్ములున్నయి నీయే. కల్వర్టు నోట్ల కుక్కినట్టు ఇరికినయ్. నీళ్ళన్ని మా ఇండ్లకు మర్లినయ్."

"ఎంతదాక వచ్చినయ్?"

"మంచం మునిగింది. మా కోడలు గ్యాసు పొయ్యి నెత్తి మీద వెట్టుకొని నిలవడ్డది. రా, సూద్దువు. మస్తుగుంది తమాష."

పనివాళ్ళు మిషన్లు వదిలి గుమిగూడారు. నాకు ఒళ్ళు మండింది. నాలాలో ఉన్న చెత్తంతా మా ఒక్కరిదే అయినట్టు తెచ్చి గడపలో కుమ్మరిస్తాడా? "కాకా, నాలాను సాఫ్ చేసేటందుకు మునిసిపాలిటోళ్ళు లేరా?" అన్నాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. బాపు వైపే చూస్తున్నాడు.

బాపు లేచి నిలబడ్డాడు. "మావే," అన్నాడు. తర్వాత షెడ్డు వైపు తిరిగి, "మిషన్ బంద్ చెయ్యున్రి. పారలు, గడ్డపారలు తీస్కొని అందరు కల్వర్టు కాడికి నడువున్రి," అన్నాడు.

ఆ రోజు బట్వాడా చేయవలసిన సరుకు ఉంది. నేను ఆ సంగతి వదిలేసి వాళ్ళ వెంటే పోయాను. వానలోనే బాపు కల్వర్టు గోడ పక్కన నిలబడ్డాడు. గొడుగు పట్టబోతే వద్దన్నాడు. మా మనుషులు నడుముల్లోతు నీళ్ళలో దిగి కవర్లు లాగారు. మావి, ఎవరెవరివో, పేరున్నవి, లేనివి. ఒక్కసారిగా నీళ్ళు గుళగుళమని కిందికి జారిన చప్పుడు నాకింకా గుర్తుంది. బస్తీలో ఆడవాళ్ళు కేకలు పెట్టారు.

అప్పటి నుంచి అదొక ఆనవాయితీ అయింది. వానలు మొదలవకముందే ఒక రోజు మిషన్ ఆపేవాళ్ళం. పనివాళ్ళకు కూలీ ఇచ్చి, నాలాలోకి దింపి, కల్వర్టు నోరు శుభ్రం చేయించేవాళ్ళం. కాక గోడ మీద కూర్చుని మేస్త్రీలా పెత్తనం చేసేవాడు. "అగో, ఇంకో కొమ్ములది. పటేలా, నీ పశువులన్ని ఈడనే మేస్తున్నయ్, పట్టుకపోయి కట్టేస్కో," అనేవాడు. బాపు నవ్వేవాడు. ఆయన నవ్వడం మా ఇంట్లో అరుదు. మధ్యాహ్నం అందరికీ మా ఇంటి నుంచే అన్నం వచ్చేది. కాక మాత్రం తినేవాడు కాదు. "నీ అన్నం తింటె మల్ల నిన్ను తిట్టరాదు," అనేవాడు.

ఏళ్ళు గడిచాయి. కవర్ల మందం పెంచాలన్నారు, మళ్ళీ పెంచాలన్నారు. మందం పెంచితే ధర పెరిగి దుకాణాల వాళ్ళు మొహం చాటేసేవారు. చివరికి పల్చటి కవర్లు పూర్తిగా బంద్ అన్న మాట ఖాయమైంది. మా కవర్లు చిరగకపోయినా ఆ లెక్కలో పల్చటివే. కాక సంతోషపడ్డాడు. "ఇగ నీ పశువులకు మేత బంద్ పటేలా," అన్నాడు. బాపు తప్పు పట్టలేదు. మందం కవర్లకు మారదామని, మిషన్‌లో చేయవలసిన మార్పులు చేయిద్దామని అనుకున్నాం. మెల్లగా నడుస్తుందని నమ్మకం ఉండేది.

అయితే ఒక చిక్కు ఉంది. నిషేధం వార్త రాకముందే ఉప్పల్‌లో ఒక చీరల దుకాణం ఆయన కొత్త దుకాణం తెరుస్తున్నానని మా దగ్గర కవర్లకు ఆర్డరు చెప్పాడు. బాపు ఇస్తానన్నాడు. దుకాణం పూజ దగ్గరపడేసరికి నిషేధం అమల్లోకి వచ్చేసింది. ఆయన మాత్రం తనకు ఆ పల్చటివే కావాలని పట్టుబట్టాడు.

మా సరుకును దుకాణాలకు చేర్చే ఏజెంటు ఒకతను ఉండేవాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. అతనే ఈ సంగతి తేల్చడానికి వచ్చి, బాపు ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"గింత ఫికర్ ఎందుకు పటేల్ సాబ్? ఉన్న దానా ఉండనే ఉంది. ముద్ర లేకుండ కొట్టియ్యున్రి. రాత్రికి నా ఆటోల వేసుకపోత. ఎవడిదని ఎవడడుగుతడు? పక్క షెడ్డోళ్ళు గదే చేస్తున్నరు."

"ముద్ర లేకుండ మా ఇంట్లకెల్లి సరుకు పోదు."

"అయితె చెయ్యకున్రి."

"మాటిచ్చిన."

ఏజెంటు నా వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పు చెల్లె. గిదేం లెక్క?"

నాకూ అదే అనిపించింది. "బాపూ, ఇప్పుడు గిది చట్టానికి ఎదురు. చేస్తె చాటుగ చెయ్యాలె, లేకుంటె మానెయ్యాలె. రెండింట్ల ఒకటే," అన్నాను.

"చాటుగ చేస్తనని నేను మాటియ్యలె బిడ్డా," అన్నాడు బాపు. "తప్పంటవా, తప్పే. ఇంతకుముందు ఒప్పుకున్న సరుకు, ఇదొక్కటి ఇచ్చేసి ఇగ చెయ్య. కాని చేసింది నేనని దాని మీద ఉండాలె."

ఏజెంటు లేచి చేతులు జోడించాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "దొంగతనం జేసి సంతకం వెట్టొచ్చేటోన్ని నా జిందగీల నిన్నొక్కన్నే సూసిన పటేల్ సాబ్," అన్నాడు.

ఆ కవర్లు పట్టపగలే చేశాం. గేటు తెరిచే ఉంది. అడుగున ముద్ర ఎప్పటికన్నా స్పష్టంగా పడింది.

కొత్త దుకాణం తెరిచిన కొన్నాళ్ళకే తనిఖీ వాళ్ళు ఉప్పల్ బజారులో తిరిగారు. ఎన్నో దుకాణాల్లో పల్చటి కవర్లు దొరికాయి. దుకాణాలకు జరిమానాలు పడ్డాయి. ఆ కవర్లు ఎక్కడ తయారయ్యాయో మాత్రం తెలియలేదు, వాటి మీద ఏమీ లేదు గనక. తెలిసింది ఒక్క దాని సంగతే, కొమ్ముల ముద్ర ఉన్నది.

ఆ ముద్ర పట్టుకుని మా షెడ్డుకు వచ్చిన తనిఖీ ఆఫీసరు కోస్తా వైపు మనిషిలా ఉన్నాడు. చిన్నవాడే, మర్యాదగా మాట్లాడాడు. వెంట ఇద్దరు సిబ్బంది. గేటు ముందు ఆగిన బండిని చూసి బస్తీవాళ్ళు కూడా పోగయ్యారు. వాళ్ళలో కాక ఉన్నాడు. ఆఫీసరు ఒక కవరు తీసి బాపుకు చూపించాడు.

"సార్, ఇది మీ యూనిట్‌లో చేసిందేనాండీ?"

బాపు కవరు చేతిలోకి తీసుకుని, అలవాటు చొప్పున రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు.

ఆయన జవాబు చెప్పేలోపే ఆఫీసరు గొంతు తగ్గించాడు. "తొందరపడకండి సార్. ఈ గుర్తు ఎవరైనా వేసుకోవచ్చు. మీ గుర్తును ఇంకెవరో వాడుకున్నారని మీరంటే నేనలాగే రాసుకుంటాను. ఈ షెడ్డులో ఇప్పుడు మందం కవర్లే ఉన్నాయి, నేను కూడా చూశాను. మీకు ఇబ్బంది ఉండదు."

ఆ మాట గేటు దాకా వినిపించింది. కాదు అనే ఒక్క మాటతో షెడ్డు నిలిచేది. అది అక్కడున్న అందరికీ తెలుసు. మా పనివాళ్ళు గోడకు ఆనుకుని నిలబడి బాపు నోటి వైపే చూస్తున్నారు. గేటు చువ్వల అవతల నుంచి కాక అన్నాడు, "కాదను పటేలా." ఆయన గొంతులో కారం లేకపోవడం నేను వినడం అదే మొదటిసారి. "జర మా మాటిను. కాదను."

బాపు కవరును మడిచి ఆఫీసరు చేతిలో పెట్టాడు. "మాదే," అన్నాడు.

ఆఫీసరు తల పంకించి, తన మనుషులను పిలిచాడు. షెడ్డుకు తాళం పడింది. తాళం వేసేటప్పుడు లోపల మిషన్ ఇంకా వెచ్చగానే ఉంది. బాపు కుర్చీని బయటికి తెచ్చుకోవచ్చా అని నేనే అడిగాను. తెచ్చుకోమన్నారు. ఆ రోజు నేను తల ఎత్తుకునే ఇంటికి నడిచాను. ఆ బజారంతటిలో నిజం చెప్పింది మా ఇల్లు ఒక్కటే. ఇప్పటికీ ఆ గర్వం పోలేదు. అయితే పనివాళ్ళు గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కూడా నా కళ్ళ ముందు నుంచి పోలేదు. గర్వం మాది. పని పోయింది వాళ్ళది.

జరిమానా కట్టాం. కొంతకాలానికి తాళం తీశారు. కానీ కొమ్ముల ముద్ర కనిపిస్తే తనిఖీ వాళ్ళు మళ్ళీ వస్తారేమోనని దుకాణాలవాళ్ళు మా మందం కవర్లను కూడా తీసుకోవడానికి భయపడ్డారు. ముద్ర తీసేస్తే కొంటామని ఇద్దరు ముగ్గురు చెప్పి పంపారు. ఆ మాట నేను బాపు దాకా తీసుకుపోలేదు. మిషన్‌ను ఎక్కడి నుంచో వచ్చిన మనుషులు కొనుక్కుని విడదీసి లారీలో వేసుకుపోయారు. పనివాళ్ళలో కొందరు పీర్జాదిగూడలో అపార్ట్‌మెంట్ల పనికి పోయారు, ఇద్దరు వాచ్‌మెన్లయ్యారు. షెడ్డును కొరియర్ గోదాముకు అద్దెకిచ్చాం. ఇప్పుడక్కడ పొద్దస్తమానం అట్టపెట్టెలు దించుతూ ఎక్కిస్తూ ఉంటారు. వాటన్నిటికీ ప్లాస్టిక్ పొరే చుట్టి ఉంటుంది.

నేను కూడా ఇప్పుడు గుడ్డసంచి పట్టుకుని కూరగాయలకు పోతాను. సంచి తెచ్చుకున్నారా అని అడిగించుకోవడం నాకిష్టం ఉండదు, అందుకని ముందే భుజాన వేసుకుంటాను. పెద్ద దుకాణాల్లో గుడ్డలా కనిపించేవి అమ్ముతున్నారు. వేళ్ళ మధ్య రుద్దితే అది గుడ్డ కాదని నాకు తెలిసిపోతుంది. సాయంత్రం ఉప్పల్ రోడ్డు మీద తోపుడు బండి ఆయన అటూ ఇటూ చూసి, బండి కింద నుంచి పల్చటి కవరు తీసి ఎవరికైనా టమాటాలు వేసి ఇస్తుంటాడు. తెల్లదో, నల్లదో. దాని మీద ఏమీ ఉండదు. ఎవరు చేశారో, ఎక్కడ చేశారో బండివాడికి కూడా తెలియదు.

షెడ్డు మూతపడ్డాక మొదటి వానాకాలం వచ్చేసరికి కల్వర్టు నోరు శుభ్రం చేయించడానికి మా దగ్గర మనుషులు లేరు. బాపు ఒకటి రెండుసార్లు ఆ మాట ఎత్తాడు. చూద్దామన్నాను. చూస్తుండగానే వానలు దిగాయి. ఒక రాత్రంతా కురిసి తెల్లారేసరికి బస్తీలోకి నీళ్ళు వచ్చాయని తెలిసింది. నేను ఆ వారమంతా బాపు దగ్గరే ఉన్నాను. పొద్దున కాక వచ్చాడు. చేతిలో సంచి లేదు. మోకాళ్ళ దాకా బురద.

బాపు వరండాలో కుర్చీలో ఉన్నాడు. కాక నోరు తెరవకముందే అడిగాడు. "ఎన్ని ఉన్నయ్ మావి?"

"ఒక్కటి గూడ లేదు."

"మంచిగ సూసినవా?"

"నేనే దిగి ఏరిన పటేలా. కొమ్ములది ఒక్కటి లేదు. అన్నీ తెల్లయే, బోడియి."

బాపు కర్ర అందుకున్నాడు. "పా," అన్నాడు.

నేను గొడుగు తీసుకుని వెనకే పోయాను. కల్వర్టు దగ్గర బస్తీ కుర్రాళ్ళు కొందరు కర్రలతో పొడుస్తున్నారు. లాగినకొద్దీ తెల్లటి కవర్లు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి, తెగిపోయి మళ్ళీ నీళ్ళలో పడుతున్నాయి. నాసిరకం. బాపు కొంతసేపు చూశాడు. తర్వాత గోడకు కర్ర ఆనించి, ధోతి ఎగ్గట్టుకుని, చెప్పులు విడిచాడు. ఆయన ఏం చేయబోతున్నాడో నాకు అర్థమయ్యేలోపే గట్టు మీద ఒక కాలు పెట్టాడు.

కాక వచ్చి ఆయన మోచేయి పట్టుకున్నాడు.

"నువ్వెందుకు దిగుతున్నవ్ పటేలా?"

"ఇడువు."

"ఎందుకు ఇడుస్త? అండ్ల నీదేముంది?"

వెక్కిరింపు కాదు. అడ్డుపడుతున్నాడు, అంతే. జారిపడతాడని భయం. కానీ బాపు కాలు అక్కడే ఆగిపోయింది. నీళ్ళ వైపు చూశాడు, తర్వాత కాక ముఖం వైపు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

కాక చేయి వదిలి, గోడ మీద కూలబడి, పై పంచెతో ముఖం తుడుచుకున్నాడు. "ముందుగాల తిట్టనీకి ఓ మనిషన్న ఉండె," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "ఇప్పుడు ఎవల్ని తిట్టాలె?"

కుర్రాళ్ళలో ఒకడు నవ్వాడు. "నన్ను తిట్టు తాతా," అని ఇంకో ముద్ద లాగి గట్టు మీద వేశాడు.

మేము తిరిగి నడిచాం. బాపు చెప్పులు చేత్తో పట్టుకునే నడుస్తున్నాడు. వేసుకోమని చెబితే వినలేదు. గోదాము దాటాక అన్నాడు, "ఒక్కటి గూడ లేదంట బిడ్డా."

"మంచిదే కద బాపూ."

"మంచిదే," అన్నాడు.

ఆ తర్వాత ఎన్ని వానలు పడ్డా బాపు నాలా వైపు పోలేదు. నీళ్ళు వచ్చాయా అని ఎవరినీ అడగలేదు కూడా. కాక మా గడపకు రావడం మానేశాడు. మధ్యలో ఒకసారి బస్సు స్టాపు దగ్గర కనబడితే, ఇంటికి రమ్మన్నాను. వస్తానన్నాడు. రాలేదు. రావడానికి మా దగ్గర ఆయనకు ఇప్పుడు పనేముంది?